కూర్చున్నాక కొలిచిన ఊపిరి

దగ్గరికి జరగండర్రా. ఇంకాస్త దగ్గరికి. గొంతు చించుకుని చెప్పే కథ కాదిది, ఊపిరి సంగతి. మెల్లగానే చెప్పుకోవాలి. ఆ గుమ్మం దగ్గర కూర్చున్నవాళ్ళూ ఇటు రండి. తర్వాత "ఆఁ? ఏమందీ?" అంటూ పక్కవాళ్ళని మోచేత్తో పొడిస్తే కథ కుంటుపడుతుంది.

పోయిన వారం చీమ ట్రాక్ మీద కూలబడిన చోట ఆపుకున్నాం కదా. చీమ అన్నది వాళ్ళక్క పెట్టిన ముద్దుపేరు. పిడికెడు మనిషి, పరుగు మొదలుపెడితే ఆగని మనిషి. దూరం పరుగుల్లో ఏడాది పొడుగునా దానిదే పైచెయ్యి. ఎంపిక పరుగులో కూడా ఆఖరి మలుపు దాకా అందరికంటే ముందే ఉంది. ఆ మలుపులో ఏమైందో ఏమో, పెదాలు నల్లబడ్డాయి, కాళ్ళు నీళ్ళు పీల్చిన దుప్పట్లయ్యాయి. వెనకాల వస్తున్న జింక దాన్ని దాటుకుని పోయింది. జింక ఎవరంటే కోచ్‌గారి సొంత చెల్లెలు. ఆ కోచ్ ఎవరంటే చీమకి సొంత బావ, అక్క మొగుడు. జట్టులో మూడు చోట్లుంటే రెండు నిండాయి. మిగిలిన ఒక్కటి చీమకా, జింకకా అన్నది ఆయన నోటి మాట మీద ఉంది.

ఆయన నోటి మాట ఎలాంటిదో ఆ రోజే అందరూ విన్నారు. కూలబడ్డ మరదల్ని రెక్క పట్టుకుని లేపి, బల్ల మీద కూర్చోబెట్టి, తువ్వాలుతో వేలు తుడిచి, ఆ వేలికి క్లిప్పు పెట్టి, రక్తంలో గాలి ఎంతుందో చూశాడు. నూటికి తొంభై ఎనిమిది. నిండుకుండ. "చూశారా, వేలు అబద్ధం చెప్పదు. ఊపిరి నిండుగా ఉంది, ఒంట్లో దమ్ము లేదు. ఇది అలసట కాదు, నటన," అన్నాడు పదిమందిలో. చీమ నోరు విప్పి, డాక్టరు చెబితే ఒప్పుకుంటాను గానీ నువ్వు చెబితే ఒప్పుకోనంది. అయితే పద, డాక్టరు దగ్గరే తేల్చుకుందాం, ఆవిడ మాట విన్నాకే పేరు పంపుతానన్నాడు ఆ పెద్దమనిషి.

ఇవాళ ఆ తేల్చుకోవడమే.

పరీక్ష గది మైదానం పక్క మేడ మీద ఉంది. నడిమధ్య రబ్బరు బెల్టు, దానికి రెండు వైపులా పట్టుకునే కమ్మీలు, ఎదురుగా అంకెలు చూపే తెర. ఒక మూల ఎర్ర బకెట్టు, ఇంకో మూల గాలి నింపిన పెద్ద సంచీ. గోడకి ఒక ఫ్యాను. అది తిరుగుతోందో, తిరుగుతున్నట్టు కనిపిస్తోందో చెప్పడం కష్టం. ఆ గదిలో నటన అన్న మాట ఎవరికైనా చెల్లితే ఆ ఫ్యానుకే చెల్లాలి.

బావగారు కుర్చీ లాక్కుని తెర పక్కన కూర్చున్నాడు. కాళ్ళకి తెల్ల బూట్లు. ఇన్నేళ్ళుగా మైదానంలో నిలబడ్డ మనిషి, ఆ బూట్లకి మట్టి అంటిన రోజు లేదు. పరిగెత్తేది వేరేవాళ్ళు, చెమటోడ్చేది వేరేవాళ్ళు. పతకం వస్తే "నా పిల్లలు" అంటాడు, రాకపోతే "వాళ్ళంతే" అంటాడు. గోడవారగా అక్క నిలబడింది, చేతిలో చెల్లెలి బూట్ల సంచీ. ఆ ఇంట్లో ఆవిడ నిలబడే చోటు ఎప్పుడూ గోడవారే.

డాక్టరమ్మ ఊపిరితిత్తుల డాక్టరు. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, కళ్ళజోడు ముక్కు కొసకి దించుకుని, ఎవరినైనా దాని పైనుంచి చూస్తుంది. మాట తక్కువ, ఉన్న మాటలో కారం ఎక్కువ.

"ముందు ఎవరు?"

"మా చెల్లెలు చేస్తుంది మేడమ్. మంచి ఊపిరంటే ఎలా ఉంటుందో మీరు చూడాలిగా," అన్నాడు బావ.

జింక బెల్టెక్కింది. పొడుగు కాళ్ళ పిల్ల, పరిగెడుతుంటే ముచ్చటేస్తుంది. బెల్టు వేగం పెరిగింది, జింక ముఖం ఎర్రబడింది, రొప్పింది, ఇక చాలని చెయ్యి ఊపి దిగింది. తెర మీద అంకె తొంభై ఆరు దగ్గర మేకు కొట్టినట్టు నిలబడి ఉంది. బావగారు మొత్తం బండి తానే లాగినట్టు జేబురుమాలుతో నుదురు తుడుచుకున్నాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పరిగెత్తలేనివాళ్ళకి ఊపిరి మీద నెపం. ఊఁ, ఎక్కమ్మా మహానటీ," అన్నాడు చీమతో.

"ఎక్కుతున్నా సార్," అంది చీమ. మైదానంలో బావా అని పిలవకూడదు, సార్ అనాలి. అది ఆయన పెట్టిన చట్టం. ఇంట్లో బావ, ఇక్కడ సారు. తిట్టేది మాత్రం రెండు చోట్లా ఒకే నోరు.

చీమ పరుగెత్తింది. వేలికి క్లిప్పు, ఛాతీకి వైర్లు. జింక దిగిపోయిన వేగం దాటింది, ఇంకా దాటింది. అప్పుడు తెర మీద అంకె జారడం మొదలైంది. తొంభై మూడు, తొంభై, ఎనభై ఎనిమిది. మళ్ళీ ఎగిరి తొంభై అయిదు, మళ్ళీ ఎనభై ఆరు.

బావ పకపకా నవ్వాడు. "చూడండి మేడమ్, కమ్మీని ఎలా పిసుకుతోందో! వేలు నొక్కేసి క్లిప్పుని కూడా నమ్మించాలని చూస్తోంది. దీని నాటకం యంత్రం దగ్గర కూడా సాగుతుంది."

డాక్టరమ్మ బెల్టు ఆపేసింది. "వేలి క్లిప్పు పరుగులో ఊగుతుంది. ఈ అంకెని నేనూ నమ్మను," అంది.

చీమకి ఉన్న ఒక్క దిక్కూ అటు తిరిగితే ఇక ఎవరికి చెప్పుకుంటుంది?

"నేను మొదట్నించీ మొత్తుకునేది అదే కదండీ," అన్నాడు బావ, కుర్చీలో ముందుకి జరిగి. "పరుగులో కొలిస్తే అన్నీ తప్పుడు లెక్కలే. అందుకే నా దగ్గర ఒక పద్ధతుంది. పరుగు అయ్యాక పిల్లని బల్ల మీద కూర్చోబెడతాను. దమ్ము తీసుకోనిస్తాను. చెమట తుడిచి, వేలు వెచ్చబడ్డాక, అప్పుడు పెడతాను క్లిప్పు. ఇన్నేళ్ళలో నా పద్ధతి ఒక్కసారి తప్పలేదు. అందరికీ తొంభై ఎనిమిది, తొంభై ఏడు. ఇదుగో, ఈవిడక్కూడా."

డాక్టరమ్మ కళ్ళజోడు పైనుంచి ఆయన్ని చూసింది. బల్ల మీద పాకే పురుగుని చూసినట్టు చూసింది.

"కూర్చోబెట్టాకా?"

"అవునండీ."

"దమ్ము తీసుకున్నాకా?"

"అదే కదా పద్ధతి!"

"మాస్టారూ, వాన పడుతున్నంతసేపూ ఇంట్లో ముసుగు తన్ని పడుకుని, వెలిశాక వాకిట్లోకొచ్చి చెయ్యి చాచి, ఎక్కడండీ వాన, ఈ ఊళ్ళో అందరూ అబద్ధాలకోర్లే అన్నాట్ట మీలాంటివాడొకడు."

జింక కిసుక్కున నవ్వింది. అన్న చూపు తగలగానే నీళ్ళ సీసా నోటికి అడ్డం పెట్టుకుంది. చీమ మాత్రం నవ్వలేదు. తను ఎన్నిసార్లు ఆ బల్ల మీద కూర్చుందో, ఎన్నిసార్లు ఆ తొంభై ఎనిమిది చూసి తన ఒంటినే తను అనుమానించుకుందో గుర్తొచ్చింది. నిజంగానే నటిస్తున్నానేమో, నాకు తెలియకుండానే నటిస్తున్నానేమో అని దుప్పటి కప్పుకుని ఏడ్చిన పిల్ల అది.

"చెవి రింగులు తియ్యి," అంది డాక్టరమ్మ. "చెవి తమ్మెకి పెడతాను. తల వేలంత ఊగదు. కాసేపు కూర్చుని నీళ్ళు తాగు, మళ్ళీ చేద్దాం."

"వేలు చెప్పని నిజం చెవి చెబుతుందాండీ?" అన్నాడు బావ.

"చెవి వింటుంది మాస్టారూ. కొందరికి అది కూడా ఉండదు."

మళ్ళీ బెల్టెక్కింది చీమ. ఈసారి కమ్మీల జోలికి పోలేదు, చేతులు గాల్లోనే. మొదట హాయిగానే ఉంది. పాదం పడటం, లేవడం, శ్వాస లోపలికి, బయటికి, అన్నీ చెప్పిన మాట వింటున్నాయి. బెల్టు వేగం పెరిగింది. దానికి తెలిసిన చోటు దగ్గరపడుతోంది. ఎప్పుడూ ఇక్కడే, ఇలాగే. చెవుల్లో ఎవరో బూర ఊదుతున్నట్టు హోరు. చుట్టూ ఉన్న వస్తువుల అంచులు చెరిగిపోవడం. గాలి నోటినిండా అందుతోంది, గుండె నిండా కొట్టుకుంటోంది, అయినా తొడలకి ఏదీ చేరడం లేదు. మూలనున్న ఎర్ర బకెట్టు వైపు చూసింది. అది బూడిద రంగులోకి మారిపోయింది.

"ఎనభై తొమ్మిది," అంది డాక్టరమ్మ గొంతు ఎక్కడో దూరంగా. "ఎనభై అయిదు. క్లిప్పు కదలడం లేదు, అంకె ఎగరడం లేదు, నేరుగా దిగుతోంది. ఎనభై నాలుగు. చాలు, ఆపేస్తున్నా!"

అక్క పరుగున వచ్చి రెండు చేతులతో పట్టుకుంది. చీమ పెదాలు నల్లగా ఉన్నాయి. గోళ్ళు కూడా. అక్క తువ్వాలు అందుకోబోతే డాక్టరమ్మ ఆపి, బావని పిలిచింది. "ఇటు రండి. కూర్చోబెట్టకముందే చూడండి. ఇవి రంగు వేసుకున్న పెదాలా?"

బావ చూశాడు. చూసి, తల పక్కకి తిప్పుకున్నాడు. అందరూ చూస్తుండగానే, కూర్చున్న కాసేపట్లోనే, అంకె పైకి పాకింది. తొంభై, తొంభై అయిదు, తొంభై ఎనిమిది. పెదాలు గులాబీ రంగుకి వచ్చాయి. బకెట్టు ఎర్రబడింది.

"ఇదే మీ పద్ధతి కనిపెట్టిన నిజం," అంది డాక్టరమ్మ. "దొంగ గోడ దూకి పోయాక తాళం వేసి, ఇంట్లో ఎవరూ లేరని రాసుకోవడం."

ఇక్కడ ఆగి ఒక్క మాట ఆలోచించండి. మనిషన్నవాడు ఏం చేస్తాడు? తప్పయిందమ్మా అంటాడు. ఆ మాట నోటికి రాకపోతే కనీసం నేల చూపులు చూస్తాడు. బావగారు అలాంటి మామూలు మనిషి కాదు. పిల్లిని ఎటు విసిరినా కాళ్ళ మీదే పడుతుంది, ఆయన అహం మీద పడతాడు.

"అయితే జబ్బన్నమాట! అయ్యో, పాపం. నాకు ముందే చెప్పి ఉండాల్సింది," అన్నాడు. "ఇంత జబ్బు మనిషిని అంత పెద్ద పోటీకి నేనెలా పంపుతానండీ? రేపు దారిలో ప్రాణం మీదికొస్తే ఎవరు జవాబుదారీ? నటి అయితే పనికిరాదన్నాను. రోగి అయితే అసలే పనికిరాదు. మేడమ్, ఆ ముక్క మీరే రాసిచ్చేయండి."

చీమ లేచి నిలబడింది.

"బావా!"

"సార్ అను."

"అనను. సారు అనిపించుకునే పని ఏదీ ఇందాకట్నించీ నాకు కనపడలేదు. నిన్నటిదాకా ఒంటినిండా ఊపిరుందన్నావు, కాబట్టి పనికిరానన్నావు. ఇవాళ ఊపిరి లేదంటున్నావు, కాబట్టి పనికిరానంటున్నావు. ఉన్నా తప్పే, లేకపోయినా తప్పే. ఏ ఊపిరితో పరిగెత్తితే నీకు నచ్చుతుందో ఆ ముక్క చెప్పు, అదే పీల్చుకుంటాను."

"నోరు చూశావా దీనికి!" అన్నాడు బావ పెళ్ళాం వైపు తిరిగి.

"జబ్బని నేను అన్నానా?" అంది డాక్టరమ్మ. "గుండె ఫోటో మొన్ననే తీశాను. చిల్లు లేదు, కవాటాలు శుభ్రంగా ఉన్నాయి. ఊపిరితిత్తులూ మామూలే. అసలు చిక్కంతా అవి మామూలుగా ఉండటమే." ఆవిడ స్టూలు మీద కూర్చుని చీమ వైపు తిరిగింది. బావకి చెప్పడం దండగ అనుకుందో ఏమో. "కుళాయి దగ్గర బిందెల వరుస చూశావుగా అమ్మాయ్. వరుస నెమ్మదిగా కదిలితే ప్రతి బిందే నిండుతుంది. వెనకనించి ఎవరో తోస్తున్నారనుకో, సగం నిండిన బిందెతోనే ముందుకు పోవాలి. కుళాయి ధార మాత్రం అంతే. పెరగదు. నీ ఊపిరితిత్తులు ఆ కుళాయి. నీ రక్తం ఆ బిందెలు. తోసేది నీ గుండె. ఏళ్ళ తరబడి పరిగెత్తి పరిగెత్తి దాన్ని ఎంత బలంగా చేశావంటే, అది తోసే తోపుకి కుళాయి అందుకోలేకపోతోంది. అందుకే సగం బిందెలు. ఇది సోమరులకి రాదు. మంచం మీద పడుకునేవాళ్ళకి రాదు. బాగా తయారైన ఒళ్ళకి, అందులోనూ కొందరికే వస్తుంది. ఆడవాళ్ళకి గాలి గొట్టాలు సన్నం కాబట్టి వాళ్ళలో తరచుగా చూస్తాం."

చీమ తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది. ఇన్నాళ్ళూ పిరికిదన్న పేరు మోసిన ఆ గుండెని పరాయిదాన్ని తాకినట్టు తాకి చూసుకుంది.

జింక సీసా కింద పెట్టింది. "మరి నా అంకె పడలేదు కదా డాక్టరుగారూ?"

"నీ గుండె ఇంకా అంత తోయడం లేదమ్మా. వరుస మెల్లగా కదులుతోంది, బిందెలు నిండుతున్నాయి."

"అంటే ఇందాక అన్నయ్య మురిసిపోయింది నా గొప్పకి కాదా?"

"కాదు. నీ తీరికకి."

జింక నోరు తెరిచి అన్న వైపు చూసింది. "విన్నావా అన్నయ్యా? నా తీరిక చూసి చెమట తుడుచుకున్నావు," అని నవ్వేసింది. అందులో కాస్త ఏడుపు కూడా కలిసింది గానీ, పాపం ఆ పిల్ల నవ్వే ముందుకు తోసింది.

"ఇదంతా మాటల గారడీ," అన్నాడు బావ. "బిందెలట, కుళాయట! రుజువేది?"

"రుజువా? రండి, మీచేతే మోయిస్తాను." డాక్టరమ్మ మూలనున్న గాలి సంచీకి గొట్టం తగిలించి, ఆ గొట్టం ఆయన చేతిలో పెట్టింది. "ఇందులో ప్రాణవాయువు ఎక్కువ. కుళాయి ధార పెంచినట్టు. పిల్ల ఇది పీల్చుకుంటూ పరిగెడుతుంది. ఇందాక కూలబడ్డ చోట ఈసారి కూలకపోతే నా మాట నిజం. గొట్టం మెలిక పడకుండా పట్టుకోండి. ఖాళీగానే ఉన్నారుగా."

చీమ బాగా తేరుకునేదాకా ఆగి, మూతికి తొడుగు బిగించారు. తెల్ల బూట్ల పెద్దమనిషి గొట్టం పట్టుకుని పక్కన నిలబడ్డాడు. పరుగు మొదలైంది. వేగం పెరిగింది. దానికి తెలిసిన ఆ చోటు వచ్చింది. చీమ భయంతో పళ్ళు బిగించింది. హోరు రాలేదు. అంచులు చెరగలేదు. బకెట్టు ఎర్రగా, నిక్షేపంలా ఎర్రగా ఉంది. అంకె తొంభై ఏడు. ఇంకో మెట్టు వేగం. అయినా తొంభై ఏడే. ఆ చోటు వెనక్కి వెళ్ళిపోయింది. తను ఎప్పుడూ చూడని దూరం ముందుకొచ్చింది. తొడుగు లోపల దానికి ఏడుపొచ్చింది. కన్నీళ్ళు, చెమటా కలిసి గడ్డం మీదుగా కారుతున్నా కాళ్ళు మాత్రం ఆడుతూ పాడుతూ పడుతున్నాయి. గొట్టం పట్టుకున్న పెద్దమనిషే చెయ్యి మార్చుకున్నాడు.

"దింపండిక. పిల్ల అలసిపోలేదు, మాస్టారు అలసిపోయారు," అంది డాక్టరమ్మ.

చీమ దిగాక ఆవిడ ముఖం కాస్త మెత్తబడింది. "పోటీ రోజున ఈ సంచీ ఉండదమ్మాయ్. అది కూడా చెప్పాలి నీకు. మొదట్నించీ చివరిదాకా ముందుండి లాగితే మళ్ళీ అదే మలుపులో పడతావు. ఎక్కడ పట్టు సడలించాలో, ఎక్కడ మళ్ళీ బిగించాలో నేర్పేవాళ్ళు కావాలి. దాన్నే కోచింగ్ అంటారని విన్నాను. నువ్వు పోటీకి పనికొస్తావు. అదే రాస్తాను."

అప్పుడు గోడవార నుంచి ఒక గొంతు వినిపించింది. ఎప్పుడూ వినపడని గొంతు కాబట్టి అందరూ ఒక్కసారే అటు తిరిగారు.

"డాక్టరుగారూ, నాకొకసారి పెట్టి చూస్తారా?"

అక్క. బూట్ల సంచీ కింద పెట్టి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుంటోంది.

"నీకా? మూడో మెట్టు దగ్గరే ఆయాసపడతావు, నీకెందుకే ఈ వేషాలు?" అన్నాడు బావ.

డాక్టరమ్మ ఆయన్ని పట్టించుకోలేదు. "మీరూ పరిగెత్తేవారా?"

"ఇదే దూరం. ఈయన దగ్గరే. ఇదే మలుపులో పడిపోయేదాన్ని. పెదాలు ఇలాగే నల్లబడేవి. కూర్చోబెట్టి కొలిచేవారు. నటన అన్నారు. అన్నీ మానేసి, ఆ మాట అన్న ఆయన్నే పెళ్ళి చేసుకున్నాను," అంది అక్క. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

చీమకి ఈ సంగతి తెలియదు. అక్కకి పరుగంటే విసుగొచ్చి మానేసిందనే ఇంట్లో అందరూ చెప్పుకునేవాళ్ళు. అక్క కూడా అదే చెప్పేది.

"మానేసి ఎన్నాళ్ళైంది?"

"పెద్దాడు పుట్టకముందే."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "అయితే ఇప్పుడేమీ కనపడదమ్మా. వాడని గుండె మామూలైపోతుంది. ఇవాళ బెల్టెక్కితే త్వరగా అలసిపోతారు, అంకె మాత్రం నిలబడే ఉంటుంది. ఆనాడు మీరు నిజమే చెప్పారని ఇప్పుడు చూపించే దారి లేదు."

అక్క తల ఊపింది. ఎగదోపిన కుచ్చెళ్ళు మెల్లగా కిందికి వదిలింది. ఆవిడ ఏడుస్తుందని చీమ దగ్గరికి వెళ్ళబోయింది. కానీ అక్క మొగుడి వైపు నడిచింది.

"ఒకే ఒక్కసారి పరుగులో ఉండగా పెట్టారు నాకు. గుర్తుందా మీకు? ఇలాంటి క్లిప్పు అప్పుడే కొత్తగా కొన్నారు. మీ సరదా కొద్దీ, నేను బెల్టు మీద ఉండగానే వేలికి పెట్టారు. చూశారు. చూసి ఊడదీసి చెత్తబుట్టలో పారేశారు. మర్నాడు ఇంకోటి కొన్నారు. ఆ తర్వాతే ఈ బల్ల, ఈ తువ్వాలు, ఈ పద్ధతి అన్నీ వచ్చాయి. దాంట్లో ఏం చూశారండీ ఆ రోజు?"

"ఏం చూడటమేంటే, నీ మొహం!" బావ అరిచాడు. మనిషికి కోపం వస్తే తలుపు తీసి మరీ తనే బయటపడతాడు. "అది పాడైపోయిన క్లిప్పు! పరిగెత్తే మనిషికి ఎనభై రెండు చూపించే క్లిప్పుని ఎవడుంచుకుంటాడు?"

ఫ్యాను చప్పుడు వినపడింది. అది నిజంగానే తిరుగుతోందన్నమాట.

"ఎనభై రెండు," అంది అక్క.

"ఇన్నేళ్ళైనా అంకె మరిచిపోలేదే మాస్టారు," అంది డాక్టరమ్మ. "పాడైన వస్తువు చూపించిన అంకెని ఎవరూ ఇంత భద్రంగా దాచుకోరు."

మింగినా కక్కినా ప్రమాదమే అన్నట్టుంది బావ ముఖం. అక్క ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది. తెల్ల బూట్లు, ఇస్త్రీ మడత, నుదుటి మీది చెమట, అన్నీ చూసింది. సంతలో పనికిరాని సరుకు చూసి పక్కన పెట్టేసే చూపు అది. తిట్టు కాదు, శాపం కాదు. తిట్టాలంటే ఎదుటివాడు కాస్తయినా విలువ చెయ్యాలి.

"నా చెల్లెలి పేరు పంపండి. ఇప్పుడే, నా ఎదురుగా పంపండి," అంది.

బావ కిటికీలోంచి మైదానం వైపు చూశాడు. "పంపడానికేం మిగిలింది? పొద్దున్నే పంపేశాను."

"ఎవరి పేరు?" చీమ అడిగింది. అడుగుతుండగానే తెలిసిపోయింది దానికి.

ఆయన చెప్పనక్కర్లేకుండానే జింక లేచి నిలబడింది. దాని ముఖంలో నవ్వూ లేదు, ఏడుపూ లేదు.

"డాక్టరమ్మ మాట విన్నాకే పంపుతానన్నావు అన్నయ్యా. ఇక్కడికి మమ్మల్ని తీసుకొచ్చేముందే పంపేశావా? మరి నన్నెందుకు పరిగెత్తించావు ఇవాళ? ముచ్చట చూడటానికా?"

"నీ మంచికేనే పిచ్చిదానా..."

"నా మంచి నా కాళ్ళు చూసుకుంటాయి." జింక చీమ దగ్గరికి వచ్చి నిలబడింది. "చిన్నొదినా, రేపు పొద్దున ట్రాక్ మీదికి రా. ఎంపికవాళ్ళని నేను పిలిపిస్తాను. మనిద్దరం పరిగెడదాం. నువ్వు ముందొస్తే నా పేరు నేనే తీసేయించుకుంటా. నేను ముందొస్తే మాత్రం వదలను, ముందే చెబుతున్నా. జాలిపడి ఇచ్చేదాన్ని కాదు."

"జాలి అడిగానా?" అంది చీమ.

"అడగవులే, నీ పొగరు నాకు తెలుసు. ఆ ఆఖరి మలుపులో ఏం చేస్తావు మరి?"

చీమ అక్క వైపు చూసింది. అక్క అప్పటికే నేల మీద గొంతుక్కూర్చుని, చెల్లెలి బూట్ల లేసులు విప్పుతోంది.

"ఎక్కడ సడలించాలో నాకు తెలుసు," అంది అక్క తలెత్తకుండా. "పడ్డదాన్ని కదా, ఆ మలుపు నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. రేపు గీత పక్కన నేను నిలబడతాను."

"నువ్వా? నేనుండగా నువ్వెవరివి నిలబడటానికి? మైదానం గేటు తాళం నా దగ్గరుంది," అన్నాడు బావ. "ఇంకో మాట. క్లిప్పు గురించి నేనేమీ అనలేదు. ఏ అంకే చెప్పలేదు. అడిగితే అదే చెబుతాను."

విన్నారుగా? ఆ గదిలో ఉన్నది అయిదుగురు. వాళ్ళలో ఒకడు అప్పుడే మాట మార్చేశాడు. కాబట్టి మీరు గుర్తుపెట్టుకోండర్రా, ఎనభై రెండు అన్నది ఎవరి నోటంట వచ్చిందో, అక్క చెప్పని అంకె ఎవరు చెప్పారో. రేపు తెల్లారేలోగా ఆ పెద్దమనిషి ఎంతమందికి ఎన్ని రకాలుగా చెప్పుకుంటాడో తెలియదు. మీరు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ.